భుజముల మీద భారము తీరిన లేవీయులు: సంస్థలో మార్పు, పనివారిపై దాని ప్రభావము

మన సంస్థలలో మార్పు అనగానే కమిటీలో మొదట లెక్కలు, తరువాత తీర్మానము, చివర ప్రార్థన జరుగుతాయి. ఎవరి పని మారనున్నదో ఆ పనివారు మాత్రము నోటీసు బోర్డు దగ్గర ఆ సంగతి తెలుసుకుంటారు. లేవీయుల సేవ మారిన విధమును ఈ వ్యాసములో పరిశీలించి, పాఠశాలలు, ఆసుపత్రులు, హాస్టళ్ళు, పాస్టరేటులు నడిపించే కాపరులకు అందులో ఏమి కనబడుతుందో వివరించ ప్రయత్నిస్తాము.

మోయువారి పని

సంఖ్యాకాండము 4వ అధ్యాయములో పని విభజన స్పష్టముగా ఉన్నది. గెర్షోనీయులు తెరలను, మెరారీయులు పలకలను, స్తంభములను, కహాతీయులు మందసము మొదలైన పరిశుద్ధ వస్తువులను మోయాలి. 7వ అధ్యాయములో గెర్షోనీయులకు 2 బండ్లు, 4 ఎద్దులు, మెరారీయులకు 4 బండ్లు, 8 ఎద్దులు ఇవ్వబడినవి. కహాతీయులకు బండి లేదు. వారు భుజముల మీదనే మోయాలి. పైకి చూస్తే వారికే కష్టము ఎక్కువ. కాని వారి గౌరవము ఆ కష్టములోనే ఉన్నది. తాత మోసినదానిని తండ్రి, తండ్రి మోసినదానిని కుమారుడు మోసినారు.

దావీదు వృద్ధాప్యములో దేవాలయమునకు ఏర్పాట్లు చేసినప్పుడు ఈ పని అవసరము లేనిదైనది. ఇక గుడారమును మోసే పని లేవీయులకు ఉండదని 1 దినవృత్తాంతములు 23:26 దాచకుండా చెప్పుచున్నది. నేటి భాషలో ఒక శాఖ మొత్తము మూతబడినది. అయితే ఆ అధ్యాయములోనే, 30 ఏండ్లు పైబడినవారిని లెక్కించగా 38,000 మంది తేలినారని చూస్తాము. 24,000 మంది మందిరపు పని చూచుటకు, 6,000 మంది అధికారులుగాను న్యాయాధిపతులుగాను, 4,000 మంది ద్వారపాలకులుగా, 4,000 మంది వాద్యములతో స్తుతించుటకు నియమింపబడినారు. కూడి చూస్తే సరిగా 38,000. ఈ సంఖ్యలపై పండితులలో చర్చ ఉన్నది, దానిలోనికి మేము ఇక్కడ పోవుటలేదు. మోసే పని పోయినది గాని మోసినవారిలో ఒక్కడును లెక్క తప్పిపోలేదన్నదే గ్రంథకర్త చూపుచున్న విషయము.

ఇంత మంచి ఏర్పాటు జరిగిన తరువాత సమస్య తీరిపోయిందా? 2 దినవృత్తాంతములు 35:3 చదివినప్పుడల్లా మేము ఆగిపోతాము. దేవాలయము కట్టబడిన మూడు వందల ఏండ్లకు పైబడి, యోషీయా రాజు లేవీయులతో మందసమును మందిరములో ఉంచుమని, అది ఇక మీ భుజములకు భారము కాదని, ఇప్పుడు దేవునిని, ఆయన ప్రజలను సేవించుడని చెప్పవలసివచ్చినది. మనష్షే కాలములో మందసము బయటికి తీయబడి ఉండవచ్చునని కొందరు వ్యాఖ్యాతల ఊహ. అది నిజమైనను కాకున్నను, ఇక మోయనక్కరలేదు అన్న మాటను ఒక తరము మరల వినవలసివచ్చినది.

మార్పు ఒక రోజు, మనసు చాలా రోజులు

విలియం బ్రిడ్జెస్ అను అమెరికా రచయిత 1991లో ప్రచురించిన 'మేనేజింగ్ ట్రాన్సిషన్స్' అను గ్రంథములో ఈ తేడాను వివరించినాడు. మార్పు బయట జరిగేది; దానికి తేదీ ఉంటుంది. మనిషి లోపల జరిగేది వేరు. మొదట పాతదానిని విడుచుట, తరువాత ఏదీ తేలని మధ్యకాలము, ఆ తరువాత క్రొత్త ఆరంభము. నాయకులు చేసే పొరపాటు ఏమనగా, తాము నెలల తరబడి ఆలోచించి ఈ దారి దాటివచ్చి, పనివారు మాత్రము ఒక్క సభతో దాటాలని ఎదురుచూచుట.

మన చరిత్రలోనే చూడండి. 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యతా సంభాషణలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుటతో ఫలించినవి. నాయకులకు 28 ఏండ్లు ఆలోచించే వ్యవధి దొరికినది. బిషపు పదవిని గూర్చిన చర్చలు మన సంఘ చరిత్రలలో విస్తారముగా ఉన్నవి. పల్లెలోని ఉపదేశి, బైబిలు స్త్రీ ఆ దినములలో ఏమనుకున్నారో తెలిపే పేజీలు మాత్రము తక్కువ.

మాకు తెలిసిన ఒక సంగతి చెప్పుట అవసరము. చాలా ఏండ్ల క్రితము ఒక మిషను ఆసుపత్రికి చెందిన పల్లె డిస్పెన్సరీని మూసివేయాలని తీర్మానించిన కమిటీలో మేమును సభ్యులము, సంతకము చేసినవారము. అక్కడ 26 ఏండ్లు పనిచేసిన కంపౌండరును ఆసుపత్రి స్టోరుకు మార్చినాము, జీతము తగ్గించలేదు. మేలు చేసినామనుకున్నాము. ఆయన సెలవు రోజులలో పల్లెకు వెళ్ళి, తాళము వేసిన డిస్పెన్సరీ వరండాలో కూర్చుంటున్నాడని తరువాత తెలిసినది. ఒకనాడు ఆయన మమ్మును, "అయ్యగారూ, నేను చేసిన తప్పేమిటండీ?" అని అడిగినాడు. ఆయన ఏ తప్పూ చేయలేదు. ఆ మాట ఆయనతో చెప్పుటకు మాలో ఒక్కరును వెళ్ళలేదు.

సణుగుడు అను పేరు

మార్పును ప్రకటించే సభలో మనము సాధారణముగా అబ్రాహాము పిలుపును గూర్చి ప్రసంగిస్తాము. వినేవాని మనసులో వేరే ప్రశ్నలు ఉంటాయి: జీతము ఎవరిస్తారు, ఎవరికి జవాబు చెప్పాలి, పి.ఎఫ్. ఏమగును, క్వార్టరు ఖాళీ చేయాలా? అడిగితే అరణ్యములో ఇశ్రాయేలీయుల సణుగుడని అంటాము. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములోను సణుగుడు ఉన్నది. విధవరాండ్ర భోజనమును గూర్చిన ఆ సణుగుడును అపొస్తలులు గద్దించలేదు. శిష్యులందరిని పిలిచి ఏడుగురిని ఏర్పరచుకొనుమన్నారు.

ఉన్నత స్థలములను మూసిన యోషీయా, అక్కడి యాజకులను యెరూషలేము బలిపీఠము దగ్గరకు రానీయలేదు. అయినను వారు తమ సహోదరులతో కూడ పులియని రొట్టెలు తినిరని 2 రాజులు 23:9 చెప్పుచున్నది. పదవి పోయినను అన్నము పోలేదు. నెహెమ్యా కాలములో దీనికి విరుద్ధముగా జరిగినది. భాగములు అందక లేవీయులు ఎవరి పొలమునకు వారు వెళ్ళిపోయినారు (నెహెమ్యా 13:10). నెలల తరబడి జీతాలు బకాయి పడిన సంస్థలలోని మన సహోదరులకు ఈ వచనము వ్యాఖ్యానము లేకుండానే అర్థమగును. ఆ సమయములో నెహెమ్యా వాదించినది వెళ్ళిపోయిన లేవీయులతో కాదు, అధికారులతో. తరువాత లేవీయులను సమకూర్చి ఎవరి స్థలములో వారిని నిలిపినాడు. పదియవ భాగములు కొట్లకు వచ్చుట, నమ్మకమైన ఖజానాదారులను నియమించుట ఆ తరువాతి వచనములలో ఉన్నవి.