వాన వస్తుందని వాళ్లకెలా తెలుసు? పిల్లలకు ఇలా చెబుదాం

మొన్న కళ్లంలో వేరుశనగ కాయ ఆరబోస్తుంటే మా పాప అడిగింది: “నాన్నా, రేపు వానొస్తుందని వాళ్లకెలా తెలుసు? ఆకాశంలోకి వెళ్లి చూసొస్తారా?”

నిజంగానే చూస్తారు. కాకపోతే మనుషులు కాదు, బెలూన్లు వెళ్తాయి. ప్రపంచమంతా ఒకే వేళకు వదులుతారు. మన గడియారంలో ఉదయం, సాయంత్రం 5:30 ప్రాంతంలో. దానికి కట్టిన చిన్న పెట్టె వేడి, తేమ, గాలి ఒత్తిడి ఎంతుందో రేడియో ద్వారా కిందికి చెబుతూ పోతుంది. దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తుకెళ్లాక బెలూన్ ఉబ్బి పగిలిపోతుంది.

రెండోది రాడార్. మచిలీపట్నం, విశాఖ, హైదరాబాద్‌లలో ఉన్నాయి. బావిలో అరిస్తే మన గొంతు మనకే వినిపిస్తుంది కదా, అలాగే రాడార్ పంపిన తరంగాలు వాన చినుకులకు తగిలి వెనక్కొస్తాయి. దాన్నిబట్టి వాన ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. మూడోది 36,000 కిలోమీటర్ల పైనుంచి మబ్బుల్ని ఫొటో తీసే ఉపగ్రహం. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి పంపిన ఇన్సాట్-3డీఎస్ అలాంటిదే. ఈ లెక్కలన్నీ పెద్ద కంప్యూటర్‌లో వేసి, శాస్త్రవేత్తలు కూర్చుని చూసి, అప్పుడు మనకు చెబుతారు.

ఇక మనం సరిగ్గా వినాల్సిన మాట ఒకటుంది. “ఒకటి రెండు చోట్ల” అంటే ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాలు వంద ఉంటే, వాటిలో 25 వరకు మాత్రమే తడుస్తాయని. ఈ సంగతి తెలియక ఒకసారి నేను దెబ్బతిన్నాను. రెండుసార్లు చెప్పినా మా ఊళ్లో చినుకు పడలేదు. మూడోసారి “ఊరికే చెబుతారులే” అని కాయ మీద పట్టా కప్పలేదు. ఆ రాత్రే తడిసింది. బూజు పట్టిన కాయ విత్తనానికీ పనికిరాలేదు, గానుగకీ పనికిరాలేదు. వాళ్లు తప్పు చెప్పలేదు, నాకే వినడం రాలేదు.

పిల్లలతో ఈ పని చేయించండి (వీడియోలో చూపించాను). నిలువుగా, నున్నగా ఉన్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టండి. అడుగు సమంగా ఉండదు కాబట్టి కొంచెం నీళ్లు పోసి, ఆ గీత దగ్గర సున్నా పెట్టి స్కేలు అతికించండి. చెట్టు నీడ, చూరు నీళ్లు పడనిచోట పెట్టి, రోజూ ఉదయం 8:30కి చూసి రాయాలి. వాతావరణ శాఖ రోజువారీ వాన లెక్క రాసేదీ ఆ వేళకే.

1 మిల్లీమీటరు వానంటే ఎకరానికి దాదాపు 4,000 లీటర్ల నీళ్లు. ఈ లెక్క పిల్లలతోనే వేయించండి. ఒక్క సీజన్ రాస్తే చాలు, “మన పొలంలో ఎంత పడింది” అనే మాటకు మీ ఇంట్లోనే జవాబుంటుంది.