కరెంటు లేని చలిరాత్రి... చేపల తొట్టి సంగతేంటి?

డిసెంబరు వచ్చిందంటే బీరువాలోంచి రగ్గులు, స్వెట్టర్లు బయటికి తీస్తాం. పసిపిల్లలకు చెవుల టోపీ, పెద్దవాళ్ల కాళ్లకు మేజోళ్లు, ఎవరికేం కావాలో అన్నీ మనకు గుర్తే. హాల్లో ఓ మూల అద్దాల తొట్టిలో తిరిగే చేపలు మాత్రం ఎవరికీ గుర్తు రావు. ‘హీటరు ఉందిగా’ అనుకుంటాం. ఉంది, కరెంటు ఉన్నంతసేపూ ఉంది! రాత్రి పదకొండింటికి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలి, లైన్‌మన్ తెల్లారాకే వస్తాడని తెలిసినప్పుడు కదా అసలు కథ.

చేపకు మనలా ఒంట్లో వేడి పుట్టించుకునే ఏర్పాటు లేదు. నీళ్లెంత చల్లబడితే దాని ఒళ్లూ అంత చల్లబడుతుంది. పైగా మనం ముచ్చటపడి తెచ్చుకునే రంగు చేపల్లో చాలావాటి పుట్టిళ్లు వేడి దేశాలు. ఏంజెల్ చేపది అమెజాన్ నది. గప్పీలది దక్షిణ అమెరికా ఉత్తర తీరం. ఫైటర్‌ది థాయ్‌లాండ్ వైపు. వీటికి 24 నుంచి 27 డిగ్రీల దాకా ఉంటే హాయి. 20కి దిగితే మూలకు చేరి, రెక్కలు ముడుచుకుని, తిండి మానేస్తాయి. గోల్డ్ ఫిష్ సంగతి వేరు. చైనాలో చల్లటి నీళ్లలో పెంచిన జాతి కాబట్టి మన చలికి అది బెదరదు. మీ తొట్టిలో ఉన్నవన్నీ గోల్డ్ ఫిష్‌లే అయితే ఈ రాత్రి నిశ్చింతగా పడుకోండి. మిగతావాళ్లం మాట్లాడుకుందాం.

మా ఆడపడుచు ఆదిలాబాద్‌లో ఉంటుంది. అక్కడ చలికాలం రాత్రి పది డిగ్రీల లోపుకి పడిపోవడం కొత్తేం కాదు. ఓ జనవరి రాత్రి కరెంటు పోతే ఫోను చేసింది. ‘వదినా, పిల్లాడు పడుకోనంటున్నాడు. నీళ్లు మరగకాచి తొట్టిలో పొయ్యనా?’ అని. వద్దంటే వద్దన్నాను. ఎందుకంటే చేపను చలి చంపేదానికంటే మన కంగారు చంపేది ఎక్కువ. నీళ్లు నెమ్మదిగా నాలుగు డిగ్రీలు చల్లబడితే ఓర్చుకుంటుంది. అవే నాలుగు డిగ్రీలు నిమిషంలో పెరిగితే తట్టుకోలేదు. కాబట్టి మొదటి పని కొత్తగా వేడి పుట్టించడం కాదు, ఉన్న వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచడం.

నీళ్లకో మంచి గుణం ఉంది. వేడెక్కడానికి ఎంత సతాయిస్తాయో చల్లారడానికీ అంతే సతాయిస్తాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 50 లీటర్లు పడతాయి. అంత నీరు ఒక్క గంటలో మంచులా అయిపోదు. దానికో బొంత చుట్టామా, ఇంకా మంచిది. పాత బొంత, రగ్గు, పిల్లలు వదిలేసిన కంబళి ఏదైనా సరే, నాలుగు వైపులా రెండు మడతలుగా చుట్టి తాడు కట్టాలి. పైన మూత వేసి దానిమీద తువ్వాలు పరచాలి. వేడి ఎక్కువగా పోయేది పైనుంచే. అయితే గాలి ఆడటానికి ఒక మూల నాలుగు వేళ్ల సందు వదలండి. బొంత అంచు నీళ్లలో మునగకుండా చూసుకోండి, లేకపోతే తెల్లారేసరికి సగం నీళ్లు పీల్చి నేలమీద వదులుతుంది.

ఆడపడుచు వాళ్లత్తగారు ‘చేపలకు గూడా బొంత కప్పుతవా బిడ్డా!’ అని నవ్విందట. నవ్వితే నవ్వింది గానీ తెల్లారి ఆరింటికి ఇంట్లో 15 డిగ్రీలుంటే తొట్టిలో థర్మామీటరు 22 చూపించింది. ఒక్క చేప పోలేదు.

థర్మోకోల్ షీటు దొరికితే ఇప్పుడే కొని తొట్టి కిందా వెనకా పెట్టేసుకోండి. ఏడాదంతా ఉన్నా అడ్డం కాదు. టీవీ, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెల్లో థర్మోకోల్ ముక్కలు మనం పారేసేవే కదా! చేపల వ్యాపారులు ఊరి నుంచి ఊరికి చేపల్ని పంపేది కూడా ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి, థర్మోకోల్ పెట్టెలో పెట్టే. ఫైటర్ చేప ఉన్న చిన్న గాజు గిన్నెకి ఈ ఉపాయమే మేలు. గిన్నె చిన్నదైనకొద్దీ త్వరగా చల్లారుతుంది కాబట్టి గిన్నెకు గిన్నెనే పెట్టెలో దించి మూత ఓరగా వెయ్యండి.

చుట్టినా సరే థర్మామీటరు 22 దాటి కిందికి జారుతోందనుకోండి, అప్పుడు వేడినీళ్ల సీసా. లీటరు పట్టే గాజు సీసాలోనో, ఒంటి పొర స్టీలు సీసాలోనో చెయ్యి పెట్టలేనంత వేడిగా, సుమారు 70 డిగ్రీల నీళ్లు నింపి, బిరడా గట్టిగా బిగించి తొట్టిలో నిలబెట్టండి. 50 లీటర్ల తొట్టిలో ఒక సీసా వేడి మొత్తం దిగితే పెరిగేది ఒక్క డిగ్రీ. మనకు కావలసిందీ అంతే, గంటకో డిగ్రీ. గాజు సీసాలో వేడినీళ్లు ఒక్కసారిగా పొయ్యకుండా ముందు గోరువెచ్చటివి తిప్పండి, పగలదు. సీసా దించితే నీటిమట్టం పెరుగుతుంది కనక ముందే ఓ చెంబుడు నీళ్లు తీసి పక్కన పెట్టుకోండి. కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాలు వేడికి మెత్తబడిపోతాయి, వద్దు. ఫ్లాస్కు అసలే పనికిరాదు, వేడిని బయటికి వదలకపోవడమే దాని ఉద్యోగం! నడుం నొప్పికి వాడే రబ్బరు సంచీనైతే నీళ్లలో కాకుండా అద్దానికీ బొంతకీ మధ్య పెట్టండి.

ఇక గాలి. కరెంటు పోతే ఎయిర్ పంపు కూడా ఆగుతుంది. చల్లటి నీళ్లలో ప్రాణవాయువు కాస్త ఎక్కువే నిలుస్తుంది, చల్లబడ్డ చేపకు అవసరమూ తక్కువే. అందుకని నాలుగైదు చేపలుంటే భయం లేదు. కిటకిటలాడే తొట్టి అయితే అరగంటకోసారి మగ్గుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి పొయ్యండి, పదిసార్లు చాలు. ఫైటర్, గౌరామీ చేపలు పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు.

ఇన్వర్టరు ఉన్నవాళ్లు సాధారణంగా హీటరును దానికి తగిలిద్దామనుకుంటారు. అడుగు ముందు ఆలోచించండి. హీటరు 100 వాట్లు లాగుతుంది. చిన్న ఎయిర్ పంపు నాలుగైదు వాట్లతో సరిపెట్టుకుంటుంది. హీటరు పెడితే అర్ధరాత్రికి బ్యాటరీ దిగి, ఫ్యానులూ లైట్లూ అన్నీ ఆగుతాయి. పంపు ఇన్వర్టరుకి, వెచ్చదనం బొంతకి అప్పజెప్పడమే నయం. పంపును నీటిమట్టం కంటే ఎత్తులో పెట్టారో లేదో కూడా చూసుకోండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబు గుండా వెనక్కొచ్చి పంపులోకి, దాన్నుంచి ప్లగ్గు దాకా పోతాయి.

గది వెచ్చగా ఉంటుందని కుంపటి తెచ్చి తొట్టి పక్కన పెడతామనే వాళ్లున్నారు. ఈ ఒక్క పని మాత్రం చెయ్యకండి. తలుపులు బిగించిన గదిలో బొగ్గులు రాజుకుంటే వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అమెరికాలోని టెక్సాస్‌లో 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకు 45 లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. డాలస్‌లో సున్నాకు దిగువన 19 డిగ్రీలు. చలికి తాళలేక బొగ్గుల పొయ్యిలు ఇంట్లోకి తెచ్చినవాళ్లు, మూసిన గ్యారేజీలో కారు ఇంజను ఆన్ చేసి కూర్చున్నవాళ్లు కొందరు ఈ గ్యాసుకే పోయారు. మా పిన్ని కూతురు అక్కడే ఉంటుంది. వాళ్లింట్లో రెండ్రోజులు కరెంటు లేదు. గ్యాసు పొయ్యి వెలిగించి నీళ్లు కాచుకుంది, చేపల్ని బకెట్‌లోకి మార్చి, పిక్నిక్‌కు కూల్‌డ్రింకులు పెట్టుకునే ఐసు పెట్టెలో దించింది. చల్లదనాన్ని ఆపే పెట్టె వెచ్చదనాన్నీ ఆపుతుందని ఆవిడకెవరూ చెప్పలేదు, తనకే తోచింది!

మనకు అంత చలి లేకపోయినా రోజుల తరబడి కరెంటు పోవడం తెలియనిది కాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వానా చలిగాలీ కలిసొచ్చాయి. అలాంటప్పుడు చేపలకు మేత వెయ్యకండి. చల్లబడ్డ చేపకు అరగదు, మిగిలిన మేత కుళ్లి నీళ్లు పాడుచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు మూడు రోజులు తిండి లేకపోయినా ఉంటుంది. ‘పాపం ఆకలేస్తుందేమో’ అనే అమ్మ మనసును కాస్త అదుపులో పెట్టుకోవాలి మరి.

కరెంటు పోగానే మరవకుండా హీటరు ప్లగ్గు పీకెయ్యండి. మీరు చెయ్యి నీళ్లలో పెట్టినప్పుడే కరెంటు రావచ్చు. నీటిమట్టం తగ్గి హీటరు బయటపడి ఉంటే వేడెక్కి పగలనూవచ్చు. కరెంటు వచ్చాక వోల్టేజి కుదుటపడేదాకా పది నిమిషాలు ఆగి, తొట్టి నిండా నీళ్లున్నాయని చూసుకుని, అప్పుడు పెట్టండి. హీటరును ఒకేసారి 27కి తిప్పకుండా ముందు రెండు డిగ్రీలు ఎక్కువకు తిప్పి, అక్కడికి చేరాక మళ్లీ రెండు పెంచండి. బొంత నెమ్మదిగానే విప్పొచ్చు. మూసి ఉండే డబ్బా ఫిల్టరు రాత్రంతా ఆగితే లోపలి నీళ్లు కంపుకొడతాయి, వాటిని పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్లతోనే పిండి ఆన్ చెయ్యండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, స్పాంజిలో ఉండే మేలుచేసే సూక్ష్మజీవుల్ని చంపుతుంది.

తర్వాత వారం పదిరోజులు చేపల ఒంటిమీద ఓ కన్నేసి ఉంచండి. ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించినా, చేప రాళ్లకేసి ఒళ్లు రుద్దుకున్నా అది తెల్లమచ్చల జబ్బు, చలికి నీరసించిన చేపలకు తరచుగా వస్తుంది. దుకాణంలో మందు అడిగి తెచ్చి తొట్టి మొత్తానికి వెయ్యాలి. మచ్చలున్న ఒక్క చేపను వేరే గిన్నెలో పెట్టినంత మాత్రాన పోదు, ఆ క్రిమి నీళ్లలోనూ ఉంటుంది.