నిలిచిపోయిన కథ

పిల్లలు చేతిఫోను పట్టుకొని గంటల తరబడి కూర్చుండినచో, కాలము వ్యర్థము చేయుచున్నారని మనము కసరుకొనుట సహజము. నేనును అట్లే కసరుకొనుచుంటిని. మా పెద్దమ్మాయి వ్రాయుచున్నది ఒక కథ యనియు, దానిని ఆమె యొక్కతెయే వ్రాయుట లేదనియు తెలిసిన పిమ్మట నా మాట నేనే దిద్దుకొనవలసి వచ్చెను. ఆ కథ నడుమ నిలిచిపోవుటయు, మరల నడచుటయు కన్నులార చూచితిని. అందువలన నేను తెలిసికొన్నది సోదరీమణులతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ వినోదపు తీరు ఇట్టిది. కొందఱు చేరి ఒక కథారంగమును కల్పించుకొందురు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను గైకొని, దాని మాటలను, చేతలను తామే వ్రాయుదురు. ఒకరు వ్రాసినదానికి మఱియొకరు బదులు వ్రాయుచుండ కథ ముందునకు సాగును. పిల్లలు దీనిని రోల్‌ప్లే అందురు. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అను నిరువురు ప్రకటించిన ‘డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆట తరువాత ఇట్టి వినోదములు మిక్కిలి వ్యాపించినవి. నక్షత్రముల నడుమ ప్రయాణములే విషయముగా ‘ట్రావెలర్’ అను ఆట 1977లో వెలువడినది. ఇట్లు కలిసి కథ వ్రాయువారు పాటించు పెద్ద కట్టుబాటు ఒకటి కలదు: ఒకరి పాత్రను ఇంకొకరు నడుపరాదు. నీ పాత్ర నా పాత్రపై కత్తి దూయవచ్చును. దెబ్బ తగిలినదో తప్పినదో చెప్పవలసినదానను నేనే.

మా అమ్మాయియు, ఆమె స్నేహితురాండ్రు ముగ్గురును కలిసి ఒక వ్యోమనౌక కథ వ్రాయుచుండిరి. ఆ నౌక భూమిని విడిచి దూరపు గ్రహమునకు పోవుచున్నది. మా పిల్ల అందులో వైద్యురాలు. ఒకతె యంత్రములను చూచును. ఒకతె విత్తనములను కాపాడును. నాలుగవ పిల్ల నౌకాధిపతి. నౌకలో గాలి తఱుగుచున్నది. ఏమి చేయవలెనో నౌకాధిపతి ఆజ్ఞ ఇయ్యవలెను. సరిగా ఆ ఘట్టమున ఆ పిల్ల వ్రాయుట మానెను. ఆమె తండ్రిగారు స్వర్గస్థులైరి.

తక్కిన ముగ్గురును ఎదురుచూచిరి. ఒక నెల గడచెను, రెండు గడచెను, నాలుగు గడచెను. ఆమె పాత్రను తామే నడుపుదమన్న కట్టుబాటు అడ్డు. చంపివేయుదమన్న, తండ్రిని పోగొట్టుకొన్న పిల్లకు ఆ మాట యెట్లు చెప్పుట? క్రొత్త కథ మొదలిడుదమన్న, నీవు మాకు అక్కఱలేదు అన్నట్లగును. ఈ మర్యాదలో పడి వారు ఏమియు వ్రాయలేదు. తుదకు ఏమి పలుకరింతుమో యను సంకోచముచేత ఆ పిల్లతో మాటలాడుటయే మానివేసిరి. కథతోపాటు స్నేహమును నిలిచిపోయెను.

ఒకనాటి మధ్యాహ్నము మా పిల్ల ఈ సంగతి యంతయు చెప్పి కన్నీరు పెట్టుకొన్నది. నాకు వ్యోమనౌకల సంగతి తెలియదు. మా నాయనగారు చిన్ననాడు చెప్పిన భారతము మాత్రము తెలియును. “అమ్మా, మన భారతమును నడుమ నిలిచిన కథయే గదా!” యంటిని.

11వ శతాబ్దమున రాజమహేంద్రవరమునందు, రాజరాజనరేంద్రుని కోరికపై తెలుగు భారతమును ఆరంభించిన నన్నయభట్టారకుడు ఆది సభాపర్వములను ముగించి, అరణ్యపర్వము నడుమ నిలిపెను. 13వ శతాబ్దమున నెల్లూరి తిక్కన సోమయాజి ఆ నిలిచిన చోట చేయి పెట్టక, విరాటపర్వము మొదలుకొని 15 పర్వములు రచించెను. నడుమ వెలితి అట్లే యుండెను. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవియైన ఎఱ్ఱన ఆ అరణ్యపర్వ శేషమును పూరించెను. ఆ భాగమును తన ప్రభువునకు గాక, ఆ రాజరాజనరేంద్రునకే అంకితము చేసెను. నన్నయగారి శైలితో మొదలిడి, తిక్కనగారి శైలితో కలియునట్లు నడపెనని పెద్దలు మెచ్చుకొందురు.

ఇందు రెండు ఉపాయములు కలవు. చిక్కుపడిన చోటనే తల బాదుకొనక, వెలితిని వెలితిగానే యుంచి, ముందఱి ఘట్టమునుండి కథ నెత్తుకొనవచ్చును. ఇది తిక్కనగారి త్రోవ. వెలితిని పూరించువారు తమ గొప్ప చూపుకొనక, మొదట వ్రాసినవారి మనసెఱిగి వ్రాయవలెను. ఇది ఎఱ్ఱనగారి త్రోవ.

మావారు పాఠశాలనుండి వచ్చి ఈ మాట విని, ఆంగ్లేయుల సంగతి యొకటి చెప్పిరి. డిటెక్షన్ క్లబ్ అను సంఘములోని రచయితలు తలకొక ప్రకరణముగా వ్రాసిన ‘ది ఫ్లోటింగ్ అడ్మిరల్’ అను అపరాధపరిశోధక నవల 1931లో వెలువడినది. అగాథా క్రిస్టీ, డొరొతీ సేయర్స్ అను ప్రసిద్ధ రచయిత్రులును అందులో నుండిరి. ప్రకరణము వ్రాయువారు తమ మనసులో ఒక పరిష్కారము పెట్టుకొనియే వ్రాయవలెనట; ఊరక చిక్కుముడులు వేసి, విప్పుట తరువాతివారికి వదలరాదట. పలువురు వ్రాయు కథలు నిలిచిపోవుటకు ఇదియు నొక కారణమని నాకు తోచినది. అందఱును ముడులు వేయువారే, విప్పవలసినవాడు ఎదుటివాడు.

మా పిల్ల ఆ రాత్రి స్నేహితురాలికి జాబు వ్రాసినది. కథను గూర్చి కాదు. నాలుగు నెలలు పలుకరింపనందుకు క్షమింపుమని వ్రాసి, తండ్రిగారిని తలచుకొన్నది. బదులు వచ్చిన పిమ్మటనే, నౌకాధిపతిని ఏమి చేయుదుమని అడిగినది. రెండు దినములకు వచ్చిన యుత్తరము ఒక్క పంక్తి: “నిద్రపుచ్చండి, చంపకండి.”

మనుష్యులను శీతలపేటికలో ఏండ్ల కొలది నిద్రపుచ్చు విద్య నేటికిని సాధ్యము కాలేదు. ఇట్టి కథలలో మాత్రము సామాన్యము. మనుష్యునకు దినమునకు సుమారు 840 గ్రాముల ప్రాణవాయువు కావలెనని మావారు లెక్క కట్టి, ఒకరు నిద్రించినచో తక్కిన ముగ్గురికి గాలి చాలునట్లు కథకు సరిపెట్టిరి. అదియే నౌకాధిపతి యాజ్ఞ యయ్యెను. ఆ యాజ్ఞను ఆ పిల్లయే వ్రాసినది. వైద్యురాలి చేతికి తాళపుచెవి యిచ్చి నౌకాధిపతి నిద్రకు పోయెను. తరువాతి పంక్తిలోనే ఆఱు నెలలు గడచి, గ్రహము కంటబడెను. ఆ ఆఱు నెలల వెలితిని ఎవ్వరును తాకలేదు.

గత మాసమున ఆ వెలితిని ఆ పిల్లయే పూరించినది. నిద్రలో నౌకాధిపతి తన తండ్రితో మాటలాడినట్లు వ్రాసినదట. మా పిల్ల నాకు చదివి వినిపింపబోయి, నడుమ ఆపివేసినది. నేనును చదువుమనలేదు.

సోదరీమణులారా! కష్టము వచ్చిన యింటికి ఏమి చెప్పుదుమో తెలియక పోవుట మానివేసి, ఆ సంకోచము నెలలకు పెరిగి, తుదకు మొగము చాటువేసికొనిన సందర్భములు మనలో అనేకులకు కలవు. నాకును కలదు. మా పొరుగున నుండి వేఱొక వీధికి మాఱిన యొకామెను చూడబోక ఏడాది దాటినది. ఈ వ్యాసము ముగించి, పొయ్యి చల్లార్చి, సాయంకాలము ఆమె యింటికి బయలుదేరుచున్నాను.