కార్చిచ్చు నెదుర్కొను విధము

ఇల్లంటుకొన్నదనగానే మన చేయి నీటి బిందెకై వెదకును. కాని క్రోసులకొలది వ్యాపించిన కార్చిచ్చును నీటితో మాత్రమే చల్లార్చుట సాధ్యము కాదు. విమానములు కుమ్మరించు నీరు మంట వేగమును తగ్గించును. దానిని నిలువరించువారు నేలమీది మనుష్యులే. వారి ముఖ్యాయుధములు గొడ్డలి, పార.

నిప్పు నిలుచుటకు మూడు కావలెను: మండు వస్తువు, గాలి, వేడి. అడవిలో గాలి నాపలేము. పెనుమంట వేడిని తగ్గించుట కష్టము. ఇక మిగిలినది మండు వస్తువు. కావున మంటకు కొంత దూరమున ఎండుటాకులు, గడ్డి, పొదలు తొలగించి, వట్టి మన్ను బయటపడువరకు నేలను గీకి, బాటవంటి ఖాళీని ఏర్పరతురు. దీనిని ఫైర్ లైను అందురు. నల్లమల వంటి మన అడవులలో ఇట్టివానిని వేసవికి ముందే సిద్ధపరచుట కలదు.

మంట ఉద్ధృతమైనచో నిప్పురవ్వలు ఈ బాటను దాటిపోవును. అట్టియెడ బాటకును మంటకును నడుమనున్న పొదలను తామే తగులబెట్టుదురు. వచ్చెడి మంటకు బూడిద తప్ప ఆహారము దొరకదు. నిప్పును నిప్పుతోనే జయించుట యిది.

ఈ సూత్రమే యొకప్పుడు ప్రాణరక్షకమైనది. 1949 ఆగస్టు 5వ తేదీన అమెరికాలోని మోంటానా రాష్ట్రమున, మాన్ గల్చ్ అను లోయలో 15 మంది అగ్నిదళమువారు పారాషూట్లతో దిగిరి. అచ్చటి అటవీరక్షకు డొకడు వారితో చేరెను. వారు నదివైపు దిగుచుండగా మంట లోయను దాటి దిగువనుండి ఎదురువచ్చెను. అందరును వెనుదిరిగి కొండపైకి పరుగిడిరి. అయితే నిప్పు ఎగువకు ప్రాకునపుడు పైనున్న గడ్డిని ముందే వేడిచేయును. అందుచే దాని వేగము మనుష్యుని పరుగును మించును.

నాయకుడు వాగ్నర్ డాడ్జ్ అగ్గిపుల్ల గీచి ఎదుటి గడ్డిని కాల్చి, ఆ కాలిన నేలపై బోరగిల పండుకొని, తక్కినవారిని రమ్మని పిలిచెను. ఎవరును రాలేదు. అది వారి శిక్షణలో నేర్పిన ఉపాయము కాదు. పెనుమంట ఆతనిని ముట్టక చుట్టును సాగిపోయెను. మరి యిద్దరు శిఖరమున రాళ్ల సందునుండి దాటి బ్రతికిరి. 13 మంది మరణించిరి.

వారికి లోపించినది ధైర్యము కాదు, నిప్పు నడకను గూర్చిన జ్ఞానము. 1957లో అమెరికా అటవీశాఖ పది నియమములను ఏర్పరచెను. గాలి పోకడను కనిపెట్టుట, కాపరి నుంచుట, తప్పించుకొను దారిని ముందే నిర్ణయించుట వానిలోనివి.

మంట అణగినను పని ముగియదు. మొద్దులలో, వేళ్లలో దాగిన నిప్పును త్రవ్వి, చేతితో తడవి చల్లారెనో లేదో చూతురు.

అడవిదారిని పోవువారు చుట్టపీకను ఆర్పకుండ విసరరాదు. అది రాజవేసినచో పార చేతబట్టి ఆ కొండ నెక్కవలసినవారు వేరొకరు.