కఫీల్ అక్కడ, మిత్తి ఇక్కడ

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డెక్కి, బొంగుళూరు దగ్గర ఔటర్ మీదికి మళ్లితే గంటలోపే శంషాబాద్ విమానాశ్రయం. 2008లో తెరిచిన నాటి నుంచి తెలంగాణ గల్ఫ్ వలసకు అదే పెద్ద గుమ్మం. పెట్టె సర్దుకొని పోయేవాళ్లు ఒక గేటు నుంచి పోతారు. పెట్టెలో తిరిగొచ్చేవాళ్లు కార్గో గేటు నుంచి బయటికొచ్చి సర్కారు ఉచిత అంబులెన్సులో ఊరు చేరతారు. రెండు గేట్లూ రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నా, ఈ కష్టం మనది కాదన్నట్టే ఉంటాం. గల్ఫ్ మాటెత్తితే గుర్తొచ్చేది జగిత్యాల జిల్లాలో మెట్‌పల్లి దగ్గరి ఇబ్రహీంపట్నమే, మనది కాదు. మన దగ్గర భూమి ధర ఉంది, ఆదిభట్లలో కంపెనీలున్నాయి, పక్కనే పట్నం ఉంది. అయినా బోరు ఎండి, అమ్ముకోను గుంట జాగా లేని ఇంటికి ఏజెంటు ఫోన్ వస్తే, అది ఏ జిల్లా అన్నది లెక్కలోకి రాదు.

గల్ఫ్ దేశాల్లో కూలీకి చట్టమే లేదనే మాట మనలో పాతుకుపోయింది. ఇప్పుడది సగమే నిజం. యజమాని, అంటే కఫీల్, సంతకం పెడితే తప్ప పని మారకూడదన్న నిబంధనను ఖతార్ 2020లో తీసేసింది. మరుసటి ఏడు మార్చి నుంచి నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం పెట్టింది. తిండి, వసతి ఇవ్వని యజమాని వాటికి 300, 500 రియాళ్లు అదనంగా కట్టాలి. ఒప్పందంలో ఏడాది నిండితే యజమానిని అడగకుండానే మారొచ్చని సౌదీ 2021 మార్చిలో అంది. 2022 ఫిబ్రవరి నుంచి అమలైన యూఏఈ కొత్త చట్టం ప్రకారం పాస్‌పోర్టు గుంజుకోవడం నేరం. తెప్పించుకున్న ఖర్చును కూలీ మీద వేయడమూ కుదరదు. ఎండాకాలం మధ్యాహ్నం బయట పని చేయించకూడదని అన్ని దేశాలూ రాసుకున్నాయి. యూఏఈలో అది జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పన్నెండున్నర నుంచి మూడింటి వరకు.

ఇంత రాసి ఉన్నా మనవాడు చెడ్డ కంపెనీని వదిలి ఎందుకు రాలేడు? నన్నడిగితే జవాబు దోహాలోనో రియాద్‌లోనో లేదు, ఊళ్లోని ప్రామిసరీ నోటులో ఉంది. లెక్క వేసి చూద్దాం. వీసాకు లక్షన్నర, నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు నాలుగున్నర వేలు మిత్తికే పోతాయి, అసలు కదలదు. ఏడాది తిరిగేసరికి 54 వేలు. జీతం రెండు నెలలు ఆగిందంటే ఇంటికి ఫైనాన్సర్ మనిషి వస్తాడు, అడిగే గొంతు మారుతుంది. అప్పుడు కూలీ చట్టం చూడడు. 'ఎట్లనన్న పని పోవద్దు' అనుకుంటాడు. ఫిర్యాదు చేస్తే జీతం వస్తుందో లేదో తెలియదు. నోరు మూసుకుంటే సగమైనా వస్తుంది. కఫీల్‌కు కావలసిందీ ఇదే. ఆ భయాన్ని ఆయన చేతిలో పెట్టింది మాత్రం ఇక్కడి ఫైనాన్సరూ, ఏజెంటూ.

లైసెన్సున్న ఏజెంటు మనిషి దగ్గర 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోరాదని మన నిబంధనే చెబుతుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు లేకుండా మనుషులను పంపడం నేరం కూడా. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు లైసెన్సు ఉండదు, రసీదూ ఉండదు. ఉండేది ఒక ఫోన్ నంబర్, అదీ విమానం ఎక్కేదాకే.

ఇక వీసా సంగతి. విజిట్ మీద దింపి, 'పోయినంక కంపెనీకి మారుస్తరు' అంటారు. మార్చకపోతే కార్మిక చట్టం దృష్టిలో అతను కూలీయే కాదు, సందర్శకుడు. ఆజాద్ వీసా ఇంకో రకం. కాగితం మీద ఒక కఫీల్, పని ఇంకెక్కడో, ఏటా కఫీల్‌కు ఇంత అని కట్టాలి. ఏదైనా తేడా వస్తే ఆ కఫీలే 'పారిపోయాడు' అని రాయిస్తాడు, మనిషి ఖల్లివల్లి, అంటే కాగితాల్లేనివాడు, అయిపోతాడు. కువైట్ 2018లో, యూఏఈ అదే ఏడాదీ మళ్లీ 2024లోనూ క్షమాభిక్ష పెట్టినప్పుడు ఇంటికి తిరిగొచ్చే ఔట్‌పాస్ కోసం వరుసకట్టింది ఇలాంటివాళ్లే. ఇళ్లలో పనిచేసేవాళ్లు, సొంత కార్ల డ్రైవర్లు, గొర్రెలు, ఒంటెలు కాసేవాళ్ల బతుకు మరీ అన్యాయం. సౌదీ 2021 సంస్కరణ వాళ్లను అసలు ముట్టుకోలేదు.

మన ప్రభుత్వాలు మధ్యలో ఏం చేశాయంటే, 2020 సెప్టెంబర్‌లో గల్ఫ్ పోయేవాళ్లకు అడగదగిన కనీస వేతనాన్ని కేంద్రమే తగ్గించింది. యూఏఈ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లకు 200 డాలర్లు చాలంది. కరోనాలో ఉద్యోగాలు పోకుండా అని కారణం చెప్పారు. అవతలివాడు బేరం మొదలుపెట్టకముందే మనమే ధర దించినట్టు. తెలంగాణ హైకోర్టులో పిటిషన్ పడ్డాక, గల్ఫ్ సంఘాలు మొత్తుకున్నాక 2021 జూలైలో ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి.

పదో తరగతి పాస్ కానివాడి పాస్‌పోర్టుకు కేంద్రం ఇచ్చే ఈమైగ్రేట్ అనుమతి, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. పది పాసైతే ఆ తనిఖీ ఉండదు, అందుకే ఏజెంటుకు పది పాసైన పిల్లగాడంటే ఇష్టం. ఆ బీమా పది లక్షలైనా ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వత వైకల్యం వస్తేనో మాత్రమే. ఎండలో పనిచేసి క్యాంపులో నిద్రలోనే గుండె ఆగినవాడికి అది వర్తించదు. అందుకని రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి అయిదు లక్షలు ఇస్తామని ఉత్తర్వు తెచ్చింది, ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలుపెట్టింది. మంచిదే. చనిపోయినవాడికి లెక్క కుదిరింది.

బతికొచ్చినవాడి బాకీ అలాగే ఉంది. యూఏఈలో ఏడాది దాటి పనిచేసినవాడికి మొదటి అయిదేళ్లకు ఏటా 21 రోజుల మూల వేతనం గ్రాట్యుటీగా రావాలి. ఎగ్గొడితే పని ఆగిన రోజు నుంచి రెండేళ్లలోగా అడగాలి, 2024 దాకా ఆ గడువు ఏడాదే. సౌదీలో ఇప్పటికీ పన్నెండు నెలలే. ఇక్కడి నుంచి కేసు నడపాలంటే అక్కడొకరికి ముక్తియార్‌నామా రాసివ్వాలి, దాన్ని నోటరీతో మొదలుపెట్టి విదేశాంగ శాఖ దాకా, యూఏఈకైతే ఆ దేశపు ఎంబసీ దాకా ముద్రలు వేయించాలి, అరబ్బీలోకి మార్పించాలి. ఈ ఖర్చు కూడా మూడు రూపాయల మిత్తికే తేవాలి.