అంతర్జాల నిఘంటువులు: బ్రౌజరు వేగం, తెలుగు పాఠ్య స్వభావం

1. ఉపోద్ఘాతం:

పుటలు తిప్పి పదాన్ని వెతికే శ్రమను అంతర్జాల నిఘంటువు తొలగించింది. అయితే లక్ష ఆరోపాలున్న నిఘంటువును సామాన్యమైన ఫోనులో తెరిచినప్పుడు తెర స్తంభించిపోతే ఆ సౌలభ్యం నిరర్థకమవుతుంది. మెరుగైన కంప్యూటరు లేని పరిశోధక విద్యార్థికి ఆ నిఘంటువు లేనట్లే. ఈ జాప్యానికి కారణాలను, నివారణ మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. జాప్యానికి మూలం:

జావాస్క్రిప్ట్ ఆదేశాల అమలు, పుట విన్యాసాన్ని లెక్కించడం, పాఠకుని స్పర్శకు స్పందించడం బ్రౌజరులో ప్రధానంగా ఒకే థ్రెడ్ మీద వరుసగా జరుగుతాయి. సెకనుకు 60 సార్లు మారే తెరపై ఒక్కొక్క మార్పుకు లభించే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఒక పని 50 మిల్లీసెకన్లు దాటితే దానిని దీర్ఘకార్యంగా పరిగణిస్తారు. అది ముగిసే వరకు పాఠకుని స్పర్శకు స్పందన ఉండదు.

3. తెలుగు పాఠ్య స్వభావం:

యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు యూనికోడ్ సంకేతానికి 3 బైట్లు కావాలి. ‘క్ష’లో క, పొల్లు, ష అనే 3 సంకేతాలున్నాయి, అంటే 9 బైట్లు. ఒక్కొక్క ఆరోపానికి సగటున 200 సంకేతాలు అనుకుంటే లక్ష ఆరోపాలకు 6 కోట్ల బైట్లు అవుతాయి. కుదించి పంపితే రవాణా భారం తగ్గుతుంది గాని, విప్పిన తరువాత మెమరీపై పడే భారం తగ్గదు.

ఐత్వాన్ని ఒకే సంకేతంగా గాని, ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగా గాని నమోదు చేయవచ్చు. కంటికి ‘కై’ ఒకటే అయినా యంత్రానికి అవి వేర్వేరు. ఈ భేదాన్ని దత్తాంశం సిద్ధం చేసేటప్పుడే ఒకసారి సవరించాలి. అన్వేషణ జరిగిన ప్రతిసారీ లక్ష ఆరోపాలను సవరించడం వృథా.

4. నివారణ మార్గాలు:

4.1 అవసరమైనదే పంపడం: ఆరోపాలను తొలి అక్షరాన్ని బట్టి విభజించి, పాఠకుడు కోరిన విభాగాన్నే పంపాలి. వచ్చిన విభాగాన్ని ఇండెక్స్‌డ్‌డీబీలో భద్రపరిస్తే మళ్ళీ తెప్పించనవసరం లేదు.

4.2 కనిపించేదే చూపడం: తెరపై 20 వరుసలు పడితే, పైనా కిందా మరికొన్ని కలిపి 40 వరుసలను నిర్మిస్తే చాలు. దీనినే వర్చువల్ జాబితా అంటారు. అయితే నిర్మించని వరుసలు బ్రౌజరు సొంత అన్వేషణకు దొరకవు. కనుక నిఘంటువులోనే అన్వేషణ సదుపాయం ఉండాలి.

4.3 భారాన్ని మళ్ళించడం: అన్వేషణను, అకారాది క్రమీకరణను వెబ్ వర్కరుకు అప్పగిస్తే ప్రధాన థ్రెడ్ ఖాళీగా ఉంటుంది. వర్కరు నుంచి ఫలితాలు సాధారణంగా నకలు రూపంలో వస్తాయి కాబట్టి తొలి కొన్ని వరుసలనే తెప్పించుకోవాలి. ‘క్ష’ టైపు చేసేటప్పుడు ‘క’, ‘క్’ అనే దశలు మధ్యలో వస్తాయి. ప్రతి దశలోనూ వెతకకుండా, టైపింగు క్షణకాలం ఆగిన తరువాతే వెతకడం మేలు.

5. ముగింపు:

2024 మార్చి నుంచి గూగుల్ ముఖ్య ప్రమాణాలలో చేర్చిన ‘ఇంటరాక్షన్ టు నెక్స్ట్ పెయింట్’ కొలమానం ప్రకారం స్పందన 200 మిల్లీసెకన్లకు మించకపోతే బాగున్నట్లు లెక్క. తెలుగు నిఘంటువులను, కావ్య పదసూచికలను అంతర్జాలంలో ఉంచేవారు ఈ పరీక్షను తక్కువ ధర ఫోనుపై జరపడం అవసరం. ఆరోపాల సంఖ్యతోపాటు స్పందన కాలాన్ని కూడా ప్రణాళిక దశలోనే నిర్ణయించుకుంటే, ఆ కృషి ఫలితం అవసరమైన విద్యార్థులందరికీ అందుతుంది.