కొలత చెప్పని దారులు

మా పాఠశాలలో చదివి, నేడు కంప్యూటరు విద్య నభ్యసించుచున్న విద్యార్థి యొకడు పోయిన సెలవులలో మమ్ము చూడవచ్చి, తన ప్రయోగశాలలో ఎదురైన చిక్కు నొకదానిని చెప్పెను. రెండు నెట్‌వర్కులను ఒక రౌటరుతో కలిపితినని, కొన్ని యంత్రములకు ప్యాకెట్లు చేరుచున్నవని, మరికొన్నిటికి చేరుట లేదని, దోష మెచ్చటనో యే యంత్రమును చెప్పదని అతని బాధ. తెలుగు చెప్పుకొను మాకు ఇది మొదట బోధపడలేదు. అతడు కాగితముపై గీసి చూపగా, పిదప మేమును కొంత చదువగా, విషయము తేటపడినది. పై తరగతులకు పోవువారి కుపకరించునని ఇచ్చట వ్రాయుచున్నాము.

ఐ.పి. నాలుగవ కూర్పునందు చిరునామా యనగా 32 బిట్ల సంఖ్య. చదువుటకు వీలుగా దానిని నాలుగు భాగములు చేసి 172.16.5.70 అని వ్రాయుదురు. ఇందు ముందుభాగము ఊరి పేరు వంటిది. వెనుకభాగము ఇంటి సంఖ్య వంటిది. ఊరి పేరు ఎచ్చట ముగియును? 1981లో వెలువడిన నియమముల ప్రకారము మొదటి భాగమును చూచినంతనే అది తెలియును. ఆ సంఖ్య 127 దాటనిచో 'ఎ' తరగతి, ఊరి పేరు 8 బిట్లు. 128 మొదలు 191 వరకు 'బి' తరగతి, 16 బిట్లు. 192 మొదలు 223 వరకు 'సి' తరగతి, 24 బిట్లు. 'సి' నెట్‌వర్కునందు 254 యంత్రములకే చోటు కలదు; 'బి' యందు 65,534 యంత్రములకు. 300 యంత్రములు గల సంస్థ 'సి' చాలక 'బి' తీసికొనినచో, అరువదియైదు వేలకు పైగా చిరునామాలు వ్యర్థములే గదా! ఈ దుబారాను మాన్పుటకై 1985లో నెట్‌వర్కును లోపల ముక్కలు చేసికొను పద్ధతిని, 1993లో తరగతులనే విడిచిపెట్టు పద్ధతిని ఏర్పరచిరి. ఇట్లయినప్పుడు ఊరి పేరు ఎన్ని బిట్లో తెలుపుటకు మాస్క్ అను రెండవ సంఖ్య కావలెను. 172.16.5.64/26 అని వ్రాసిన, మొదటి 26 బిట్లు ఊరి పేరని అర్థము.

రౌటర్లు తమకు తెలిసిన దారులను ఒకదాని కొకటి చెప్పుకొనును. అట్లు చెప్పుకొను భాషయే ప్రోటోకాల్. 1988లో లిఖితమైన రిప్ మొదటి కూర్పు 30 సెకండ్ల కొకసారి దారులను చాటును గాని, మాస్కును చెప్పదు. మెట్రిక్ కొలతలు రాకపూర్వము మన పల్లెలలో కుంచము ఊరూరికి మారుచుండెడిది. పొరుగూరి బంధువు "పది కుంచములు పంపితిమి" అని వ్రాసిన, చదువువాడు తన యింటి కుంచమునే తలచును. రిప్ తీరును ఇట్టిదే. విన్న దారి తన నెట్‌వర్కులోనిదే యైనచో, వినిన రౌటరు తన ద్వారమున కున్న మాస్కునే దానికిని తగిలించును. వేరు నెట్‌వర్కుదైన తరగతి మాస్కును తగిలించును. 1989లో మొదట వెలువడిన ఓ.ఎస్.పి.ఎఫ్. అట్లు గాక ప్రతి దారితోడను మాస్కును చెప్పును.

ఇక ఈ రెండు భాషలును తెలిసిన సరిహద్దు రౌటరు సంగతి. మా విద్యార్థి గీసిన పటమున, రిప్ వైపు ద్వారము 172.16.1.1, మాస్కు 24 బిట్లు. ఓ.ఎస్.పి.ఎఫ్. వైపున 172.16.6.0/24 ఒకటి, 172.16.5.0 మాత్రము /26 చొప్పున నాలుగు ముక్కలు. అన్నిటిని రిప్‌నకు చెప్పుమని ఆజ్ఞాపించెను. 172.16.6.0 చేరినది. నాలుగు ముక్కలలో నొకటియు చేరలేదు. ఏలయన, 26 బిట్ల దారిని చాటినచో అవతలివారు దానిని 24 బిట్లదిగా చదువుదురు. తప్పుగా తెలియుట కంటె తెలియకుండుటయే మేలని రిప్, ద్వారపు మాస్కుతో సరిపోలని దారిని చాటక మౌనము వహించును. అతడు దోషమని తలచినది ఒక విధమైన జాగ్రత్తయే! ఐనను ఆ జాగ్రత్తను ఎవరికిని చెప్పకుండుట మాకు నచ్చలేదు. 10.1.1.0/24 వంటి అన్య నెట్‌వర్కు దారియైనచో మౌనము లేదు, దానిని 10.0.0.0 అను మొత్తముగా మార్చి చాటును.

దీనికి ఉపాయము కలదు. సరిహద్దు రౌటరునందు 172.16.5.0/24 అను దారిని చేతితో వ్రాసి, దాని గమ్యము శూన్యద్వారమని చెప్పవలెను. పిదప ఆ చేతివ్రాత దారిని రిప్‌నకు అందింపవలెను. మాస్కు సరిపోయినది గావున రిప్ దానిని చాటును. శూన్యమునకు పోవు దారి వలన ప్యాకెట్లు నశింపవా యని మేమడిగితిమి. నశింపవు. 172.16.5.70 కొరకు వచ్చిన ప్యాకెట్టునకు రౌటరు తనకు తెలిసిన దారులలో ఎక్కువ బిట్లు కలియుదానినే యెన్నుకొనును, అది 172.16.5.64/26, అసలు దారి. ఆ ముక్క లేక పోయినప్పుడు మాత్రమే ప్యాకెట్టు శూన్యమున పడును. అదియు మంచిదే, లేనిచో అది ఇటునటు తిరుగుచుండవచ్చును.

రిప్ నుండి ఓ.ఎస్.పి.ఎఫ్.నకు పోవునపుడు మాస్కు చిక్కు తక్కువ. సిస్కో వారి పాత కూర్పులలో మాత్రము సబ్‌నెట్స్ అను మాటను ఆజ్ఞలో చేర్చనిచో ముక్కలు పోవు. దూరపు లెక్కయు వేరు: రిప్ రౌటర్లను లెక్కించును, 16 అనిన చేరరానిది, ఓ.ఎస్.పి.ఎఫ్. సాధారణముగా తీగ వేగమును బట్టి ఖర్చు కట్టును. కావున రిప్‌నకు దారి నిచ్చునపుడు దూరమును మనమే చెప్పవలెను.

సరిహద్దు రౌటర్లు రెండున్నచో, ఒకటి అటు చెప్పిన దారిని రెండవది విని, క్రొత్తదానివలె తిరిగి ఇటు చెప్పును. రిప్ మొదటి కూర్పునందు దారికి గుర్తు వేయుటకు చోటు లేదు గనుక, ఏ దారులను రానీయరాదో చిరునామాలతో పట్టీ వ్రాసి అడ్డుకొనవలెను. మా విద్యార్థికి సరిహద్దు రౌటరు ఒక్కటియే యగుటచే ఆ బాధ లేదు. సెలవులైన పిదప ఫోను చేసి, శూన్యమునకు దారి వ్రాసి అర నిమిషము వేచితినని, 172.16.5.70 నుండి బదులు వచ్చినదని చెప్పెను.